ఆదివారం క్లాసుకి కత్తెరలు మర్చిపోకు

బెంగళూరు

ఒరేయ్,

మీ అపార్ట్‌మెంట్‌లో ఆదివారాలు పిల్లలకి తెలుగు కవిత్వం చెప్తానని ఒప్పుకున్నావట, బాగుంది. నిర్వచనాలతో మాత్రం మొదలుపెట్టకు. ఛేకానుప్రాస, లాటానుప్రాస అని అలంకారాల పేర్లు అనగానే సగం మంది మంచినీళ్లకని లేచిపోతారు. మొదటి పావుగంట నోటికే పని పెట్టు. "ఎర్ర లారీ తెల్ల లారీ" అయిదుసార్లు గబగబా అనిపించి, నాలుక ఎక్కడ తడబడిందో వాళ్లనే చెప్పమను. తర్వాత "లక్ష భక్ష్యములు భక్షించువానికి ఒక భక్ష్యము లక్ష్యమా" రాయించి, మళ్లీ మళ్లీ వచ్చే అక్షరానికి పెన్సిల్‌తో సున్నా చుట్టమను. వృత్త్యనుప్రాస అనే పేరు అప్పుడు చెప్పు.

యతి అంటే పాదం మొదటి అక్షరానికి జోడీ అక్షరం పాదం మధ్యలో రావడం. దానికి వేమన చాలు. "ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు" పాదాన్ని ఉప్పు, కప్పు, రంబు, నొక్కపో, లికనుండు అని గణాలుగా విరిచి ఒక్కో ముక్కకి చప్పట్లు కొట్టించు. ఒకటో ముక్కకీ నాలుగో ముక్కకీ గట్టిగా కొట్టాలి, యతి కలిసేది వాటి మొదటి అక్షరాలకే. మాటలు మధ్యలో విరిగితే నవ్వుతారు, నవ్వనీ. ఉకి నొ ఎలా కలుస్తుందని ఒకడైనా అడుగుతాడు. నకారం సంధిలో వచ్చి చేరింది, అసలు మాట ఒక్క. ఉ, ఒ చుట్టాలు. రెండో పాదం దగ్గరే జాగ్రత్త. "చూడ చూడ రుచుల జాడ వేరు"లో చూకి జా కుదరదు, అచ్చులు వేరు. అక్కడ చూడ, జాడలలో రెండో అక్షరం డ కలిసింది. అది ప్రాసయతి. ఈ పద్యం ఆటవెలది, అందులో అది చెల్లుతుంది. దాటేశావో, చురుకైనవాడు పట్టేస్తాడు.

అసలు గొడవ ఛందస్సు లేని వచన కవిత దగ్గర. ఇంగ్లిష్ రైమ్స్ అలవాటైన పిల్లలు లైను చివర మోత ఉంటేనే కవిత్వం అనుకుంటారు. మనకేమో క్రియ వాక్యం చివర కూర్చుంటుంది కాబట్టి ఆ మోత ఊరికే వచ్చిపడుతుంది. వాన వచ్చింది, అమ్మ గొడుగు తెచ్చింది, నాకు నచ్చింది. ఇక ఆపడం నీ తరం కాదు.

అందుకని ముందు వచనం ఇవ్వు: "వాన పడుతోంది. సిల్క్ బోర్డు దగ్గర బండ్లు ఆగిపోయాయి. నాన్న ఇంకా ఇంటికి రాలేదు." పెద్ద అక్షరాలతో రాయించి, మాటమాటకీ కత్తిరించి నేలమీద పేర్చమను. కొత్త మాట చేర్చకూడదు. తీసేయొచ్చు, క్రియ రూపం మార్చుకోవచ్చు. వరసగా రెండు లైన్లు క్రియతో ముగియకూడదు. ఇలా తేలొచ్చు:

వాన.
సిల్క్ బోర్డు దగ్గర
ఆగిపోయిన బండ్లు.
ఇంకా
ఇంటికి రాలేదు నాన్న.

"ఇంకా" ఒంటరిగా ఎందుకుందో అడుగు. చదివేవాడు కూడా అక్కడ ఆగాలి కదా. వాన, నాన్న అనే మాటలు రెండు చివర్లా ఉండి నకారాన్ని ఎలా మోస్తున్నాయో, ఇంకా, ఇంటికి ఎలా కలిశాయో చూపించు. గణాలు పోయినా చెవి పని పోలేదని అప్పుడు తెలుస్తుంది.

మాటకో లైను చొప్పున విరిచేవాళ్లుంటారు, అది నత్తిలా వినిపిస్తుంది. "సిల్క్ బోర్డు" ఒక లైను, "దగ్గర" ఇంకో లైను అయితే ఆ దగ్గర గాల్లో వేలాడుతుంది. రాసినవాడి చేత చదివించకు, వాడు తప్పుని గొంతుతో సర్దేస్తాడు. పక్కవాడు చదివి తడబడ్డచోట గీత పెట్టి, అక్కడే మళ్లీ పేర్చమను.

ఎనిమిదేళ్ల లోపు వాళ్లకి ఇదంతా వద్దు. గలగల, జలజల, చిటపటలతో ఆడిస్తే చాలు. ఛందస్సు లేనిది కవిత్వమేనా అని ఏ తాతగారైనా నిలదీస్తే, వచన కవిత కోసమే నిలబడ్డ కవి కుందుర్తి ఆంజనేయులుకి 1977లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిందని చెప్పి ఊరుకో. వాదన పెట్టుకుంటే క్లాసు టైము పోతుంది.

కత్తెరలు ఇద్దరికొకటి చాలు. పిల్లలు పేర్చినవి ఫొటోలు తీసి పంపు.

నీ
నేస్తం