గేదెకి పెట్టే ఈస్ట్ గురించి

ఒరే బావా,

ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నా. గుణుపురంలో నీ గేదెలు బాగున్నాయా? ఈస్ట్ పౌడర్ పెడితే పాలు పెరుగుతాయా అని అడిగావు కదా, దానికంటే ముందు నా తెలివితక్కువ పని ఒకటి విను.

మా పెద్ద గేదె రెండో ఈత ఈనగానే ఎక్కువ పాలు పిండేద్దామన్న ఆశతో నూకల జావ, తవుడు ఒక్కసారిగా పెంచేశాను. నాలుగో రోజుకల్లా నెమరు ఆగిపోయింది, పేడ పల్చగా పుల్లటి వాసన, పాల కేంద్రంలో చూస్తే ఏడు ఉండే ఫ్యాట్ కాస్తా ఐదున్నరకి వచ్చింది. టెన్షన్‌తో ఆ రాత్రి పాకలోనే పడుకున్నా. డాక్టరుగారు వచ్చి, కడుపు పులిసిందయ్యా, ఎవడు పెట్టమన్నాడు ఇన్ని నూకలు అని చీవాట్లు పెట్టి, తేరుకున్నాక నూకలు తగ్గించి ఈస్ట్ వెయ్యమన్నారు.

తెచ్చి, పొగలు కక్కే కుడితిలో కలిపి పది రోజులు తాగించా. ఏమీ తేడా లేదు. దుకాణం వాడు మోసం చేశాడనుకున్నా. ఓ సాయంత్రం పర్లాకిమిడి బజార్లో టీ తాగుతూ ఈ గోడు చెప్తుంటే, పక్కన బేకరీలో రొట్టెలు కాల్చే ఒడియా ఆయన పకపకా నవ్వి, వచ్చీరాని తెలుగులో "వేడి నీళ్ళలో ఈస్ట్ వేస్తే నా పిండి పొంగుద్దా బాబూ?" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు! అది ప్రాణమున్న సరుకు, నేను రోజూ ఉడకబెట్టి చంపేస్తున్నా. ఆయన పిండిలో వేసేదీ, మనం పశువుకి వేసేదీ ఒకే జాతి, సాకరోమైసిస్ సెరివిసియే.

ఇంతకీ అది చేసే పని ఏంటంటే, గేదె మేత మింగినప్పుడల్లా దాంతోపాటు కాస్త గాలి కూడా పెద్ద పొట్టలోకి పోతుంది, గడ్డిని అరిగించే సూక్ష్మజీవులకి ఆ గాలి గిట్టదు, ఈస్ట్ ఆ ఆక్సిజన్‌ని లాగేసుకుంటుంది. పిండి పదార్థం ఎక్కువైతే పుట్టే లాక్టిక్ ఆమ్లాన్ని తినే బ్యాక్టీరియాకీ సాయం చేస్తుంది, అందుకే పులుపు అదుపులో ఉంటుంది. అది పొట్టలో కాపురం పెట్టదు బావా, రెండు రోజులు మానేస్తే అంతే సంగతులు, రోజూ వెయ్యాల్సిందే. ఎంత అన్నది ప్యాకెట్ మీద చూడు, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. నేను వాడేది రోజుకి పది గ్రాములు, చల్లటి పొడి దాణాలో కలిపి పొద్దున్నే పెడతా.

మూడు వారాల్లో పేడ గట్టిపడింది, ఫ్యాట్ మళ్ళీ ఆరున్నర దాటింది, పాలు అర లీటరు పెరిగాయి. కానీ అదంతా ఈస్ట్ చలవే అని నేనైతే ఒట్టు వెయ్యను, నూకలు తగ్గించి పచ్చగడ్డి కోసి వేశాను కదా మరి. ఎండు వరిగడ్డి ఒక్కటే పడేసి ఈ పౌడర్ చల్లితే పాలు కారవు. నీ నాలుగింటిలో కొత్తగా ఈనినదానికే ముందు పెట్టి, పాలు రోజూ రాసుకో, ప్యాకెట్ ఖర్చు కిట్టుబాటు అవుతుందో లేదో నీకే తెలుస్తుంది. మూత బిగించి నీడలో పెట్టు, పాక రేకుల కింద పెడితే మళ్ళీ నా కథే.

చిన్న గేదె వచ్చే నెల ఈనుతుంది, నౌపడా బండెక్కి పర్లాకిమిడిలో దిగు, జున్నుపాలు పట్టుకెళ్దువుగాని. చెల్లెమ్మని అడిగానని చెప్పు.