చైన్ మిషన్ వెనక నిలబడకండి

అయ్యా,

చైన్ మిషన్, అంటే చైన్ల మీద నడిచే తవ్వే బండి, నడిపే నాకు బకెట్ ముందు నిలబడేవాళ్లకన్నా వెనక నిలబడేవాళ్లతోనే టెన్షన్. క్యాబిన్ తిరిగితే వెనకున్న కౌంటర్‌వెయిట్, అంటే బండి ఒరగకుండా పెట్టిన బరువు దిమ్మ, కూడా తిరుగుతుంది. దానికీ గోడకీ మధ్య మనిషి చిక్కుకుంటే చాలాసార్లు అద్దంలో కూడా కనబడడు. ఇంకోటి, క్యాబిన్ పూర్తిగా వెనక్కి తిరిగి ఉన్నప్పుడు లివర్ ముందుకు తోస్తే బండి మన వీపువైపుకి పోతుంది. కొత్తలో నేనూ ఇలాగే గుంత అంచుదాకా వెళ్లాను. కదిలించేముందు చైన్లను తిప్పే మోటార్లు ఎటున్నాయో చూసుకోవాలి, అవి మామూలుగా కింది చైన్ల భాగానికి వెనకవైపు ఉంటాయి. బండి ఒరిగితే దూకబోయినవాళ్లు దానికిందే పడే ప్రమాదం ఉంది. బెల్టుతో సీట్లోనే ఉండాలి. నేను చూసిన ఆపరేటర్లు ఆ బెల్టును సీటు వెనక్కి కట్టేస్తారు! కాంట్రాక్టర్లు మిషన్ తిరిగేమేర తాడు కట్టించి, సైగలు చేయడానికి ఒక మనిషిని పెట్టాలి.

– ఒక ఆపరేటర్