లింకన్‌కు ముందున్న ఉజ్జీవ సభలు: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారములు. నేను డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్లుగా చరిత్ర బోధిస్తున్నాను. అమెరికా చరిత్రలో స్వాతంత్ర్య యుద్ధం ముగియగానే లింకన్ దగ్గరికి వెళ్లిపోవడం మా తరగతుల్లో అలవాటైపోయింది. "బానిసత్వం తప్పని అక్కడి మామూలు జనానికి ఎప్పుడు తోచింది సార్?" అని ఒక విద్యార్థిని అడిగినప్పుడు, ఆ మధ్యకాలాన్ని నేను పిల్లలకు చెప్పనే లేదని గ్రహించాను. 'రెండవ మహా ఉజ్జీవం' (Second Great Awakening) అని పిలిచే మతోద్యమం సాగింది ఆ మధ్యకాలంలోనే. ఆ లోటు తీర్చమని కోరడానికే ఈ లేఖ.

1801 ఆగస్టులో కెంటకీలోని కేన్ రిడ్జ్‌కు వేలమంది బండ్లు కట్టుకుని వచ్చి, క్రైస్తవ విశ్వాసాన్ని కొత్తగా రగిలించే ఉజ్జీవ సభల్లో రోజుల తరబడి గడిపారు. రక్షణ ఎవరికి దక్కాలో దేవుడు ముందే నిర్ణయించాడన్న పాత బోధ క్రమంగా పట్టు కోల్పోయి, మనిషి తలచుకుంటే ఈ క్షణమే పాపాన్ని విడిచిపెట్టగలడన్న నమ్మకం బలపడింది. న్యాయవాద వృత్తి మాని బోధకుడైన చార్లెస్ ఫిన్నీ 1830-31లో, ఈరీ కాలువ వల్ల పెరిగిన న్యూయార్క్ రాష్ట్రపు రోచెస్టర్ పట్టణంలో నెలల తరబడి చెప్పింది ఇదే. పాపమని తెలిశాక మెల్లమెల్లగా మానడమన్నది ఉండదు. నా దృష్టిలో ఆ కాలపు సంస్కరణలకు కీలకం ఇక్కడే ఉంది. తాగుడు విషయంలో ఆ పట్టుదల 1851 నాటి మెయిన్ రాష్ట్ర మద్యనిషేధ చట్టం దాకా నడిపించింది. బానిసత్వం విషయంలో "క్రమంగా" అన్న మాటను తోసిపుచ్చి "తక్షణమే" అనిపించింది. ఫిన్నీ శిష్యుడు థియొడోర్ వెల్డ్ 1834లో సిన్సినాటిలో మతబోధకులకు శిక్షణనిచ్చే లేన్ సెమినరీలో దీనిపైనే చర్చలు నడిపించాడు. యాజమాన్యం ఆంక్షలు పెట్టడంతో బయటికి వచ్చిన విద్యార్థుల్లో పలువురు ఓబర్లిన్ కళాశాలలో చేరారు. ఆ కళాశాల 1835లో నల్లజాతి విద్యార్థులకు ప్రవేశం కల్పించి, 1837లో నలుగురు యువతులను డిగ్రీ చదువులో చేర్చుకుంది. 1848లో సెనెకా ఫాల్స్‌లో మహిళా హక్కుల ప్రకటనపై 68 మంది స్త్రీలు, 32 మంది పురుషులు సంతకాలు చేసింది కూడా మెథడిస్టు సంప్రదాయానికి చెందిన ఒక వెస్లియన్ ప్రార్థనా మందిరంలోనే.

అదే బైబిలును చేతపట్టుకుని దక్షిణాది బోధకులు బానిసత్వాన్ని సమర్థించారు. ఈ తగవుతోనే ప్రొటెస్టెంటు శాఖలైన మెథడిస్టులు 1844లో, బాప్టిస్టులు 1845లో ఉత్తర, దక్షిణ వర్గాలుగా చీలిపోయారు. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ ఆ యజమానుల భక్తిని ఎంత తీవ్రంగా ఖండించాడో కూడా పిల్లలు చదవాలి. ఒక వైపే చెబితే అది చరిత్ర కాదు, ప్రచారమవుతుంది.

ఇది మనకు మరీ దూరపు కథ కూడా కాదు. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్‌ను పంపినవి ఆ కాలపు అమెరికా సంఘాలే. 1878 జూలైలో ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిందీ అమెరికన్ బాప్టిస్టు మిషనే.

కనుక డిగ్రీ పాఠ్యప్రణాళికలో ఈ ఘట్టానికి పూర్తి అధ్యాయం కేటాయించాలని, సెనెకా ఫాల్స్ ప్రకటనను, డగ్లస్ ప్రసంగాలలో కొన్నిటిని తెలుగు అకాడమీ చేత అనువదింపజేసి, తెలుగు మాధ్యమం పిల్లలకు కూడా అందేలా చూడాలని మిమ్మల్ని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక చరిత్ర అధ్యాపకుడు