ఆ ఎముక ఎందుకు చచ్చిపోయిందో కాగితం మీద రాయించండి, మంత్రిగారూ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా అక్క కొడుకు ఆస్పత్రి కాగితంలో జబ్బు కారణం రాయించమని గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీకి "సంబంధిత విభాగానికి పంపడమైనది" అని మెసేజ్ వచ్చింది, అంతటితో ఫైలు మూసేశారు. ఆస్పత్రి సూపరింటెండెంట్ గారికి రాసిన ఉత్తరానికి రసీదు ఉంది గానీ జవాబు లేదు. అందుకే నేరుగా మీకు, అందరూ చూసేలా రాస్తున్నాను.

మాది పాడేరు ఏజెన్సీ. మా అక్క కొడుక్కి పుట్టుకతో సికిల్ సెల్ ఉంది. ఆ జబ్బులో ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో అడ్డం పడతాయని మీకు నేను చెప్పక్కర్లేదు. తుంటి బంతికి, అంటే తుంటి కీలులో తిరిగే ఎముక గుండ్రటి తలకి, రక్తం వచ్చే దారులు అసలే తక్కువ. అవి మూసుకుపోతే ఎముక లోపల్నుంచి చచ్చిపోతుంది. మా వాడికి కుడి తుంటిలో అదే జరిగింది. ఎక్స్‌రేలో ఏమీ తేలలేదు, ఎమ్మారైలో బయటపడింది. అప్పటికి బంతి ఇంకా గుండ్రంగానే ఉంది. ఆ దశలో ఎముకకు రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గిస్తే కొందరికైనా కీలు నిలబడుతుందని డాక్టర్లే చెబుతారు.

పెద్దాస్పత్రికి రాసి పంపారు. చేతికిచ్చిన డిశ్చార్జ్ సమ్మరీలో డయాగ్నసిస్ దగ్గర రెండే మాటలు: "ఏవీఎన్ హిప్". అంటే రక్తం అందక తుంటి ఎముక చచ్చిపోయిందని. కుడా ఎడమా లేదు. ఏ స్టేజో లేదు. ఎందుకొచ్చిందో లేదు. పాత జబ్బులు అన్న చోట "నిల్". సికిల్ సెల్ కార్డు జిరాక్స్ ఆ ఫైలుకే పిన్ను కొట్టి ఉంది సార్!

నేను విశాఖలో మెడికల్ కోడర్ని, అంటే డాక్టర్లు రాసిన జబ్బులకు కోడ్ నంబర్లు వేసే పని. రోజంతా అమెరికా ఆస్పత్రుల చార్టులే చదువుతాను. అక్కడ ఏ వైపో, ఏ కారణమో రాయకపోతే మేం కోడ్ వేసి వదిలెయ్యం, డాక్టరుకి క్వెరీ పెడతాం, అంటే రాసి అడుగుతాం. డాక్టరు రాయని కారణాన్ని కోడర్ ఊహించి వెయ్యకూడదు, అది మా వృత్తిలో మొదటి పాఠం. మన దగ్గర వాడే జబ్బుల కోడ్‌ల పుస్తకం ఐసీడీ-10లోనూ ఇదంతా విడివిడిగానే ఉంది. కారణం తెలియనిది ఎం87.0. మందుల వల్ల, అంటే ఎక్కువగా స్టెరాయిడ్ల వల్ల వచ్చింది ఎం87.1. పాత దెబ్బ వల్ల అయితే ఎం87.2. ఇతర కారణాల వల్ల వచ్చింది ఎం87.3. హీమోగ్లోబిన్ జబ్బుల వల్ల వచ్చిన దానికి వేరే ఇల్లే ఉంది, ఎం90.4. అది ఒంటరిగా నిలబడే కోడ్ కాదు, ముందు అసలు జబ్బు కోడ్, సికిల్ సెల్ అయితే డి57, పడాలి. మా వాడి కేస్ షీట్ మీద పడింది ఎం87.0. రికార్డు సెక్షన్లో అడిగితే అక్కడి కుర్రాడు, "అన్నా, సిస్టంలో ఏవీఎన్ అని కొడితే మొదట వచ్చేది అదే, అదే పెట్టేస్తాం" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. డాక్టరు రాసిందే రెండు మాటలైతే అతను మాత్రం ఏం చేస్తాడు?

ఆ రెండు మాటలు మా వాణ్ణి ఎంత తిప్పాయో వినండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఆపరేషన్ అనుమతికి పంపితే వెనక్కి వచ్చింది: ఏ వైపు, ఏ స్టేజి, కారణం ఏమిటి అని. సమ్మరీ రాసిన డాక్టరు బదిలీ అయిపోయారు. కొత్తాయన "నేను చూడని కేసు నేనెలా దిద్దుతాను" అన్నారు. దిద్దేవాళ్లు లేరు, దిద్దకపోతే అనుమతి లేదు. ఎలాగో కదిలి మత్తు డాక్టరు దగ్గరికి వెళితే, కాగితంలో "నిల్" చూసి ఆవిడ మామూలు కేసే అనుకున్నారు. చదువు రాని మా అక్క సంచిలోంచి సికిల్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. అప్పుడు ఆగారు. సికిల్ పేషెంటుకి ఆపరేషన్ ముందు రక్తం ఎక్కించాలా అన్నది చూసుకోవాలి, ఒంట్లో నీరు తగ్గకుండా, ఆక్సిజన్ పడిపోకుండా, చలి తగలకుండా కాపాడుకోవాలి. ఆ కార్డు ఇంట్లో మర్చిపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

ఈలోగా బంతి అణిగిపోయింది. ఆలస్యం వల్లే అణిగిందని నేను రుజువు చెయ్యలేను, అలా అనను కూడా. కానీ ఇప్పుడు కీలు మార్చడం తప్ప దారి లేదంటున్నారు. వాడికి ఇరవై రెండేళ్లు! నేల మీద కూర్చోలేడు, లెట్రిన్‌కి వెళ్లాలంటే గోడ పట్టుకోవాలి. వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో తుంటి ఒక్కటే చూశారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో సికిల్ సెల్ కూడా ఉంది కదా అంటే, "ఈ సమ్మరీలో సికిల్ అని ఎక్కడుంది, చూపించండి" అన్నారు. మళ్లీ అదే కాగితం.

2023 జులై 1న ప్రధానమంత్రి షహడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టారు. 2047 గడువు పెట్టారు. మా ఊళ్లలో కూడా రక్తపరీక్షలు చేశారు, కార్డులిచ్చారు, మంచిదే. కానీ తుంటి పోయిన సికిల్ పిల్లలందరూ ఎం87.0 కింద పడిపోతుంటే, ఏజెన్సీలో ఎందరి ఎముకలు ఈ జబ్బు తినేసిందో మీ శాఖకు లెక్క ఎక్కడినుంచి వస్తుంది? ఆ లెక్క లేకుండా పాడేరుకి ఎమ్మారై కావాలని, ఎముకల డాక్టర్లు కావాలని ఎవరు అడుగుతారు?

దయచేసి డిశ్చార్జ్ సమ్మరీలో వైపు, స్టేజి, కారణం గళ్లు నింపకపోతే సిస్టం ముందుకు కదలకుండా చేయించండి. కారణం తెలియకపోతే తెలియదనే రాయమనండి, ఖాళీ మాత్రం వద్దు. రికార్డు సెక్షన్లో కోడింగ్ నేర్చుకున్నవాళ్లను పెట్టండి. డాక్టరు బదిలీ అయినా పాత సమ్మరీని సవరించే అధికారం ఎవరికో ఒకరికి రాతపూర్వకంగా ఇవ్వండి. మళ్లీ వేడుకుంటున్నాను, కారణం రాయించండి సార్.

మా వాడి కీలు మార్పిడి ఫైలు మళ్లీ అనుమతికి వెళ్లింది. దానికి జత చేసింది ఇంకా ఆ పాత సమ్మరీయే. ఈసారి క్వెరీ పడకముందే దాన్ని దిద్దించి ఇప్పించండి.

ఇట్లు,
పాడేరు ఏజెన్సీకి చెందిన ఒక మెడికల్ కోడర్,
విశాఖపట్నం