మా కొటేషన్ ఎందుకు ఎక్కువ, ఈ నెల నుంచి ఏం మారుతోంది

మహబూబ్‌నగర్, జడ్చర్ల, దేవరకద్ర, మక్తల్ చుట్టుపక్కల మాతో వైరింగ్ చేయించుకున్న వాళ్లకు, చేయించుకుందామని అనుకుంటున్న వాళ్లకు నమస్కారం.

ఈ మధ్య కొటేషన్ చూసినవాళ్లలో చాలామంది అడుగుతున్న మాట ఒకటే: "పక్కోళ్లు తక్కువకే చేస్తామంటున్నారు, మీరెందుకు ఇంత రాశారు?" ఇంకొందరు మరో మాట అడుగుతున్నారు: "వైరింగ్ మావాడు చేస్తాడు. మీటర్ కోసం మీ లైసెన్స్ మీద రిపోర్ట్ రాసి సంతకం పెట్టివ్వండి చాలు, ఎంతో చెప్పండి." రెండింటికీ ఇక్కడే సూటిగా జవాబు చెప్తున్నాను. మేం కళ్లతో చూడని వైరింగ్‌కు సంతకం పెట్టం, ఎంతిచ్చినా సరే. ఎర్త్, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లయి కట్ చేసే పరికరం) లేకుండా ఏ ఇంటినీ పూర్తయిందని అప్పగించం. ఈ నెల నుంచి ఈ రెండు మాటలూ ప్రతి కొటేషన్ మీద రాసి ఉంటాయి.

ఇవి మా షాపు సొంతంగా పెట్టుకున్న షరతులు అనుకోకండి. వైరింగ్ పని లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరే తీసుకోవాలి, సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండి చూడాలి, పర్మిట్ ఉన్న వైర్‌మన్ చెయ్యాలి. 1956 నాటి కరెంటు రూల్స్‌లోనే ఈ మాట ఉంది. 2003 చట్టం కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చి, 2023లో మళ్లీ రాసిన భద్రతా నిబంధనల్లోనూ ఉంది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు మార్చుకోవడం లాంటి చిన్న పనులకే మినహాయింపు. వైరింగ్ ఎలా ఉండాలో ఐఎస్ 732, ఎర్త్ ఎలా ఉండాలో ఐఎస్ 3043 అనే భారత ప్రమాణాలు చెప్తాయి. 1985 నుంచి మనకు జాతీయ ఎలక్ట్రికల్ కోడ్ కూడా ఉంది. కాగితం మీద చూస్తే మనం ఎవరికీ తీసిపోం.

మరి తేడా ఎక్కడుంది? మా కస్టమర్లలో పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు, గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. "అక్కడ కరెంటు పని ఇట్ల ఉండదు" అని వాళ్లు అంటుంటే, అసలు ఎట్ల ఉంటుందో ఓపిగ్గా చదివి తెలుసుకున్నాను.

అమెరికాలో ఎలక్ట్రికల్ కోడ్ 1897 నుంచి ఉంది, మూడేళ్లకోసారి కొత్తగా రాస్తారు. అయితే దేశమంతటికీ ఒకే ఎలక్ట్రీషియన్ లైసెన్స్ లేదు. టెక్సస్‌లో మాస్టర్ ఎలక్ట్రీషియన్ కింద 8,000 గంటలు పనిచేసి, పరీక్ష పాసైతే జర్నీమ్యాన్, అంటే మాస్టర్‌కు ఒక మెట్టు కింది ఎలక్ట్రీషియన్ అవుతాడు. తర్వాత మొత్తం 12,000 గంటలు నిండి, ఇంకో పరీక్ష రాస్తే మాస్టర్. ఇల్లినాయ్‌లో రాష్ట్రం లైసెన్సే ఇవ్వదు, షికాగో లాంటి నగరాలు సొంతంగా ఇస్తాయి. అంటే వాళ్ల దగ్గరా రూల్స్ ఊరికో తీరు. కానీ దాదాపు అన్నిచోట్లా ఒక పని మాత్రం జరుగుతుంది: గోడ మూయకముందు ఇన్‌స్పెక్టర్ వచ్చి వైర్లు చూస్తాడు, పని పూర్తయ్యాక మళ్లీ వస్తాడు. చాలాచోట్ల ఇంటి యజమాని తన ఇంట్లో తానే వైరింగ్ చేసుకోవచ్చు. అయినా పర్మిట్ తీసుకోవాలి, ఇన్‌స్పెక్టర్‌కు చూపించాలి. ఆస్ట్రేలియాలో అదీ కుదరదు, లైసెన్స్ లేనివాడు తన ఇంట్లో ప్లగ్ పాయింట్ మార్చినా నేరమే.

ఇంగ్లండ్ పద్ధతి ఇంకోలా ఉంది. ప్రభుత్వం ఇచ్చే ఎలక్ట్రీషియన్ లైసెన్స్ అంటూ అక్కడ లేదు. 2005 నుంచి ఇళ్లలో పెద్ద కరెంటు పనులన్నీ భవన నిబంధనల కిందికి వచ్చాయి. గుర్తింపు పొందిన పథకంలో నమోదైన ఎలక్ట్రీషియన్ తన పనికి తానే పూచీ పడి, ఏ సర్క్యూట్‌లో ఎంత రీడింగ్ వచ్చిందో రాసి యజమాని చేతికి కాగితం ఇస్తాడు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు ఐదేళ్లకోసారైనా వైరింగ్ తనిఖీ చేయించాలి. మన టౌన్‌లో స్టూడెంట్లకు గదులు అద్దెకిచ్చే వాళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే బాగుండని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఇక సౌదీ సంగతి. ఎలక్ట్రీషియన్ వీసా మీద వెళ్లాలంటే ఇప్పుడు ఇక్కడే నైపుణ్య పరీక్ష పాసవ్వాలి. పాలమూరు పిల్లవాడు సౌదీలో వైరు పట్టాలంటే పరీక్ష పెడుతున్నారు. అదే పిల్లవాడు మన ఊళ్లో మూడంతస్తుల ఇంటికి వైరింగ్ చేస్తానంటే నువ్వెవరు, నీ పర్మిట్ ఏదని అడిగేవాళ్లు లేరు. మామూలు ఇళ్లకు గోడ పూయకముందు వచ్చి చూసే మనిషి లేడు. మీటర్ వచ్చేముందు కాంట్రాక్టర్ ఇచ్చే ఆ ఒక్క రిపోర్టే మన దగ్గర ఇన్‌స్పెక్షన్. ఆ సంతకం కూడా అమ్ముడుపోతే ఇక ఆ ఇంట్లో పడుకునే పిల్లలకు ఏ కాపలా ఉంది? అందుకే ఈ విషయంలో నన్ను బతిమాలకండి.

సరిహద్దు ఊళ్ల వాళ్లకు ఇంకో విషయం. నారాయణపేట వైపు రాయచూరు నుంచి, గద్వాల, అలంపూర్ వైపు కర్నూలు నుంచి పనివాళ్లను పిలిపించుకుంటారు. మంచి పనివాళ్లే ఉంటారు, నాకు తెలుసు. కానీ లైసెన్సులు, పర్మిట్లు ఇచ్చేది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. బయటి పర్మిట్‌ను మన రాష్ట్రం గుర్తించి ఉండాలి. పని ఇచ్చేముందే ఆ కాగితం చూపించమని అడగండి. మమ్మల్నీ అడగండి, మేం నొచ్చుకోం.

వైర్ రంగుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది నిజంగా ప్రాణం మీదికి తెచ్చే విషయం. మన దగ్గర అలవాటుగా ఎరుపు, పసుపు, నీలం ఫేజ్‌లు (కరెంటు వచ్చే వైర్లు), నలుపు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైర్), ఆకుపచ్చ ఎర్త్. ఇంగ్లండ్‌లో ఇప్పుడు గోధుమ రంగు ఫేజ్, నీలం న్యూట్రల్. అమెరికాలో నలుపే ఫేజ్, తెలుపు న్యూట్రల్. మనం ధైర్యంగా పట్టుకునే నల్ల వైర్‌లోనే అక్కడ కరెంటు ఉంటుంది. బయటి దేశంలో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చిన మనిషి ఇక్కడ బోర్డు విప్పినప్పుడు, అక్కడి నుంచి తెచ్చిన సామాను బిగించినప్పుడు, రంగును నమ్మకుండా టెస్టర్ పెట్టి చూడాలి.

ఇప్పుడు ఖర్చు సంగతి. కొటేషన్‌లో అందరూ కొట్టేయమనేది ఆర్‌సీసీబీ. "ఎంసీబీలు ఉన్నాయి కదా, అది కూడా ఎందుకు?" అంటారు. ఎంసీబీ కాపాడేది వైర్‌ను. లోడ్ ఎక్కువైనా, షార్ట్ అయినా వైర్ కాలిపోకుండా ఆపుతుంది. మనిషికి షాక్ కొట్టినప్పుడు ఒంట్లోంచి పోయే కరెంటు 0.1 ఆంపియర్ ఉన్నా ప్రాణం పోవచ్చు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు, ఎంసీబీ పడదు, అంటే సప్లయి ఆపదు. ఆర్‌సీసీబీ చూసేది వేరు: ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా లేదా అని. 30 మిల్లీఆంపియర్లు, అంటే 0.03 ఆంపియర్ దారి తప్పిందంటే సెకనులో మూడో వంతు కూడా గడవకముందే సప్లయి కట్ చేస్తుంది. రెండు కిలోవాట్లు, ఆపైన లోడ్ ఉన్న ఇళ్లకు ఇలాంటి రక్షణ ఉండాలని మన నిబంధనలే చెప్తున్నాయి. అమెరికాలో బాత్రూం, వంటగది ప్లగ్‌ల దగ్గర ఇంకా సున్నితమైనవి, 5 మిల్లీఆంపియర్ల దగ్గరే పడిపోయేవి పెడతారు.

మన దగ్గర ప్రమాదాలు ఎక్కడ జరుగుతున్నాయో మీకు తెలియంది కాదు. ఎండాకాలం ఇనుప కూలర్‌లో నీళ్లు పోస్తుంటే. జీఐ తీగతో కట్టిన దండెం మీద తడి బట్టలు ఆరేస్తుంటే. బకెట్‌లో హీటర్ రాడ్ పెట్టి, స్విచ్ ఆపకుండా చెయ్యి పెడితే. బోరు మోటారు స్టార్టర్ డబ్బా దగ్గర తడి కాళ్లతో నిలబడితే. ఇంట్లో జరిగే వాటిలో చాలావరకు రెండు మూడు వేల రూపాయల ఆ ఒక్క పరికరంతో ఆగేవే. అయితే ఒక మాట దాచకుండా చెప్తాను: ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఆర్‌సీసీబీ కూడా కాపాడలేదు.

ఎర్త్ మాటకొస్తే, మన దిక్కు ఎర్రనేల, కాస్త తవ్వితే రాయి. ఎర్త్ రీడింగ్ ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. వానాకాలంలో బాగానే వస్తుంది, ఏప్రిల్‌కు నేల ఎండిపోయాక పెరిగిపోతుంది. అందుకే రెండడుగుల రాడ్ దిగ్గొట్టి వదిలేయడం మాకు నచ్చదు. గుంత లోతుగా తవ్వి, రీడింగ్ ఐదు ఓంల లోపు వచ్చేదాకా చూస్తాం. రాయి అడ్డం పడితే రెండో గుంత తవ్వి రెండూ కలుపుతాం. కూలీ పెరుగుతుంది, ఆ కూలీ మీ కొటేషన్‌లో విడిగా కనిపిస్తుంది.

"ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతోంది, తీసేయండి" అని ఫోన్ చేసేవాళ్లు ఉన్నారు. చాలాసార్లు కారణం ఇన్వర్టర్. ఇన్వర్టర్ నుంచి వచ్చే న్యూట్రల్‌ను, ఆర్‌సీసీబీ నుంచి వచ్చే న్యూట్రల్‌ను ఎవరో ఒకే చోట ముడేసి ఉంటారు. లేదా ఏదో ఒక పాయింట్‌లో న్యూట్రల్, ఎర్త్ కలిసిపోయి ఉంటాయి. పాత గీజర్ కాయిల్ లీకేజీ కూడా కావచ్చు. తప్పు వెతకాలంటే సగం రోజు పడుతుంది, బైపాస్ చెయ్యడానికి ఐదు నిమిషాలు చాలు. మేం ఆ సగం రోజు పని చేస్తాం, బైపాస్ మాత్రం చెయ్యం.

ఈ నెల నుంచి జరిగే మార్పులు ఇవీ. గోడ గాడి కొట్టి పైపులు వేశాక, పూత మేస్త్రీ రాకముందు యజమానిని పిలుస్తాం. పైపులు ఎటు పోయాయో ఫొటోలు తీసి మీకే ఇస్తాం, రేపు మేకు కొట్టాలన్నా అవి పనికొస్తాయి. పని అయ్యాక 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెట్టి వైర్ల ఇన్సులేషన్, తర్వాత ఎర్త్ రీడింగ్, ఆర్‌సీసీబీ ఎంతలో పడుతోందో చూసి, కాగితం మీద రాసి, మీ ముందు సంతకం పెడతాం. దీనికి ఒక రోజు అదనంగా పడుతుంది. గృహప్రవేశం ముహూర్తం పెట్టుకున్నవాళ్లు ఆ రోజును కూడా లెక్కలో వేసుకోండి. మా దగ్గర హెల్పర్లుగా ఉన్న పిల్లలకు పర్మిట్లకు దరఖాస్తు పెట్టిస్తున్నాం. అవి వచ్చేవరకు వాళ్లు పర్మిట్ ఉన్న వైర్‌మన్ పక్కనే పనిచేస్తారు, కాబట్టి ఒకేసారి ఎక్కువ ఇళ్లు ఒప్పుకోలేం.

ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత రేటే, టెస్టింగ్‌కు విడిగా తీసుకోం. పాత ఇళ్లవాళ్లు ఎర్త్, ఆర్‌సీసీబీ మాత్రమే పెట్టించుకోవాలనుకున్నా వస్తాం, అది చిన్న పని అని పక్కన పెట్టం. కూలర్లు దించేలోపు, అంటే మార్చి మొదటి వారంలోపు చెప్తే వరుసలో రాసుకుంటాం. ఆ తర్వాత చెప్తే ఆలస్యమవుతుంది. ఆర్‌సీసీబీ ఉన్నవాళ్లు ఇవాళే దాని టెస్ట్ బటన్ ఒకసారి నొక్కండి. పడకపోతే వెంటనే షాపుకు ఫోన్ చేయండి.