ఎయిర్ బ్యాగులు వేయించుకున్న పికప్ బళ్ళవారికి: మా ఫిటింగులో మూడు మార్పులు

నమస్కారం. విజయనగరంలో మా షెడ్డులో పాత బొలెరో పికప్, టాటా 207 లాంటి బళ్ళకు వెనక ఎయిర్ బ్యాగులు (గాలి నింపి, లోడు మోయడానికి సాయంగా పెట్టే రబ్బరు బ్యాగులు) వేయించుకున్నవారికీ, వేయించుకుందామని రేటు అడుగుతున్నవారికీ ఇది రాస్తున్నాం. మేం ఇదివరకు చేసిన ఫిటింగులో మూడు విషయాలు సరిగా లేవు. అవేమిటో, ఎందుకు తప్పో, ఇకమీదట ఎలా చేస్తామో దాచకుండా చెబుతాం. పాత ఫిటింగు ఉన్న బళ్ళన్నీ ఒకసారి షెడ్డుకి తీసుకురండి. ఆ పనికి లేబరు తీసుకోం. కొత్త పైపు, వాల్వు కూడా మావే.

మొదటిది, ఒకే వాల్వుతో రెండు బ్యాగులు. ఖర్చు తగ్గుతుందని రెండు బ్యాగుల పైపుల్నీ టీ జాయింటుతో కలిపి, వెనక నంబరు ప్లేటు దగ్గర ఒకే వాల్వు పెట్టేవాళ్ళం. గాలి పట్టడం సులువే, కానీ మలుపులో అదే ప్రమాదం. బండి కుడికి ఒరిగితే కుడి బ్యాగు నలిగి, అందులోని గాలి టీ గుండా ఎడమ బ్యాగులోకి పోతుంది. కుడి వైపు ఇంకా దిగుతుంది, ఎడమ వైపు ఇంకా లేస్తుంది. అంటే ఒరగకుండా ఆపాల్సిన బ్యాగే ఒరుగుడికి సాయం చేస్తుంది. కొబ్బరికాయలు ఎత్తుగా పోసిన బండికీ, పందిరి సామాను కట్టిన బండికీ ఇది అస్సలు పనికిరాదు. ఇప్పుడు ఏ బ్యాగు పైపు దానిదే, ఏ బ్యాగు వాల్వు దానిదే. బరువు ఒక పక్కకి ఎక్కువైతే ఆ పక్క గాలి 5 నుంచి 10 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎక్కువ పట్టుకోవచ్చు కూడా.

రెండోది బ్రేకులది. దీన్ని కాస్త నెమ్మదిగా చదవండి. చాలా పికప్‌లలో వెనక చాసిస్‌కి ఎల్‌ఎస్‌పీవీ అని ఒక వాల్వు ఉంటుంది. దాన్నుంచి సన్నటి కడ్డీ ఒకటి కిందకి వచ్చి, వెనక ఇరుసు ఉండే హౌసింగుకి తగులుకుని ఉంటుంది. లోడు పడి చాసిస్ కిందకి దిగితే కడ్డీ కదులుతుంది, వెనక చక్రాలకి బ్రేకు ఆయిల్ ఒత్తిడి ఎక్కువ వెళ్తుంది. బండి ఖాళీగా ఉంటే తక్కువ వెళ్తుంది. లోడు ఎంతో ఆ వాల్వుకి తెలిసేది ఎత్తు తేడాను బట్టే, వేరే లెక్క దానికి లేదు. ఎయిర్ బ్యాగులో గాలి నింపి, లోడు మీద కూడా బండిని ఖాళీ బండి అంత ఎత్తులో నిలబెడితే, వాల్వు లోడు లేదనుకుంటుంది. వెనక బ్రేకు సగమే పడుతుంది, బరువంతా ముందు బ్రేకుల మీదకి వస్తుంది. సాలూరు ఘాట్ దిగేటప్పుడు ముందు బ్రేకులు వేడెక్కి పట్టు సడలడం, ముందు ప్యాడ్లు మామూలు కంటే త్వరగా అరిగిపోవడం, బ్రేకు కొట్టగానే ముక్కు కిందకి దిగడం... ఈ మూడింటిలో ఏది కనిపించినా ఆ బండి వెంటనే తీసుకురండి.

మరి కడ్డీని సర్ది పెడితే సరిపోదా అని అడుగుతారు. వెనక బ్రేకు ఎప్పుడూ గట్టిగా పడేలా కడ్డీ కడితే, ఖాళీ బండికి వాన రోడ్డు మీద వెనక చక్రాలు లాకయి తోక తిరిగిపోతుంది. అందుకని కడ్డీని కంపెనీ సెట్టింగులోనే ఉంచుతున్నాం, గాలినే తగ్గిస్తున్నాం. లెక్క ఇలా పెట్టుకోండి. ఖాళీ బండికి వెనక చక్రం మధ్య నుంచి పైనున్న బాడీ అంచు దాకా టేపుతో కొలవండి. అది 62 సెంటీమీటర్లు అనుకుందాం. మామూలు లోడు వేసి, బ్యాగులో 5 పీఎస్‌ఐ మాత్రమే ఉంచి మళ్ళీ కొలిస్తే 50 వచ్చిందనుకోండి. దిగినది 12. అందులో సగం, అంటే 6, వెనక్కి తెచ్చుకుంటే చాలు. 56 దగ్గర గాలి ఆపేయండి. హెడ్‌లైట్లు ఆకాశానికి కొట్టవు, టైరు బాడీకి రాసుకోదు, వాల్వుకీ లోడు తెలుస్తుంది. బండిని ఖాళీ ఎత్తుకి లేపమని అడిగేవారికి ఇకమీదట లేపం.

మూడోది సైలెన్సరు వేడి. సైలెన్సరు పైపు పోయే వైపు బ్యాగుకి, పైపుకి మధ్య కనీసం 15 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. లేకపోతే మధ్యలో రేకు అడ్డం పెట్టాలి. కొన్ని బళ్ళకి మేం పెట్టలేదు. అలాంటి బ్యాగు పైకి బాగానే కనిపిస్తుంది, కానీ పైపు వైపు రబ్బరు మీద గోటితో గీసి చూస్తే సన్నటి నెర్రెలు తెలుస్తాయి. అలా ఉన్న బ్యాగు మార్చేస్తాం.

ఇక కొత్తగా వేయించుకునేవారికి. బ్యాగుల్లో తక్కువ ఖర్చుతో అయ్యే పని ఇది ఒక్కటే: కమాన్ కట్టలు (బరువు మోసే ఇనప పట్టీల స్ప్రింగులు) అలాగే ఉంచి, వాటి మీద హౌసింగుకీ చాసిస్‌కీ మధ్య రెండు బ్యాగులు నిలబెట్టడం. కమాన్లు తీసేసి పూర్తిగా గాలి మీదే నడిచేలా చేయమని కొందరు అడుగుతున్నారు. కమాన్ కట్ట బరువు మోయడంతో ఆగదు, హౌసింగు ముందుకీ వెనక్కీ పక్కకీ జరగకుండా పట్టుకునేది కూడా అదే. దాన్ని తీస్తే లింకులు, అడ్డ కడ్డీ అన్నీ కొత్తగా కట్టాలి. ఆ పని మా షెడ్డులో చేయం.

బండి రాగానే ముందు చాసిస్ చూస్తాం. భోగాపురం, కళింగపట్నం వైపు చేపల లోడు తోలే బళ్ళకి ఐసు కరిగిన ఉప్పునీళ్ళు వెనక షాకిల్ (కమాన్ కట్ట చివరను చాసిస్‌కి తగిలించే ముక్క) దగ్గరే కారుతాయి. సుత్తితో తడితే మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్న చోట మొద్దుగా పలుకుతుంది. అక్కడ బ్రాకెట్టు బిగించడం కుదరదు. తర్వాత విరిగిన కమాన్ పట్టీ, అరిగిన షాకిల్ బుష్షు, కట్టని హౌసింగుకి బిగించే యూ బోల్టులు సాగి ఉంటే అవీ మార్చాలి. విరిగిన పట్టీ మీద బ్యాగు వేస్తే ఆ పట్టీ పని బ్యాగు మీద పడి, బ్రాకెట్టు వంగుతుంది.

కింది బ్రాకెట్టు కమాన్ కట్ట మీద, పై బ్రాకెట్టు చాసిస్ పక్క గోడకి. చాసిస్‌కి వెల్డింగ్ చేయం. పై, కింది మడతల్లో రంధ్రం కొట్టం. బరువంతా లాగేది ఆ అంచులే, అక్కడ కన్నం పడితే పగులు అక్కడే మొదలవుతుంది. పాత రంధ్రాలు కలిస్తే అవే వాడతాం, లేకపోతే గోడ మధ్యలో 4, 8, 10.5 మిల్లీమీటర్ల డ్రిల్లు వరసగా వేసి, 8.8 గ్రేడు 10 మిల్లీమీటర్ల బోల్టు, నైలాక్ నట్టు (అదురుకి వదులవనిది) వేస్తాం. డ్రిల్లు పెట్టేముందు లోపలి వైపు బ్రేకు పైపు, వైరింగు ఉందేమో చేత్తో తడిమి చూడాలి. రంధ్రం అంచుకి రెడాక్సైడ్ పూయాలి. బ్యాగు నిటారుగా నిలబడాలి. గాలి నిండితే అది పక్కలకి ఉబ్బుతుంది కనుక చుట్టూ అంగుళం ఖాళీ వదలాలి.

లీకులు ఎక్కువగా బ్యాగులో రావు, పైపు కోతలో వస్తాయి. పావు అంగుళం నైలాన్ పైపుని కటింగ్ ప్లేయరుతో కోస్తే మూతి నలిగి కోడిగుడ్డులా అవుతుంది, ఫిటింగు లోపలి ఓ రింగు దాన్ని పట్టలేదు. కొత్త బ్లేడుతో నిట్టనిలువుగా కోయాలి, అడుగు తగిలేదాకా నెట్టాలి, తర్వాత లాగి చూడాలి. అన్నీ అయ్యాక 60 పీఎస్‌ఐ పట్టి, సబ్బు నీళ్ళు కొట్టి, బండిని ఒక రాత్రి ఉంచుకుంటాం. 24 గంటల్లో 2 పీఎస్‌ఐ మించి దిగకూడదు. గేజి పెట్టిన ప్రతిసారీ కొంత గాలి పోతుంది, బ్యాగు చిన్నది కనుక ఆ తేడా బాగా కనబడుతుంది. మీరు ఇంటి దగ్గర రోజుకి నాలుగుసార్లు చూసి లీకు అనుకోవద్దు.

మేం వేసే బ్యాగు బరువు మోసే వ్యాసం సుమారు 5 అంగుళాలు. లెక్క వేస్తే ప్రతి 10 పీఎస్‌ఐకి ఒక్కో బ్యాగు దాదాపు 90 కిలోలు ఎత్తుతుంది. 40 పట్టితే రెండూ కలిపి 700 కిలోల పైమాటే. గరిష్ఠం 100, కానీ అంత అవసరం పడిందంటే లోడే ఎక్కువైంది. ఖాళీ బండిలో కూడా 5 పీఎస్‌ఐకి తగ్గనివ్వకండి. గాలి లేని రబ్బరు మడత పడి, గుంటలో పడ్డప్పుడు రెండు ప్లేట్ల మధ్య నలిగి చిల్లు పడుతుంది. పంచరు షాపులో పట్టించేటప్పుడు పక్కనే నిలబడండి. టైరు అనుకుని గన్ను పట్టుకుని కూర్చుంటే బ్యాగు కొన్ని సెకన్లలో నిండిపోతుంది. సర్వీసింగులో కింద డీజిల్ గానీ కిరోసిన్ గానీ కొట్టనివ్వద్దు, రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. మంచినీళ్ళతో కడిగితే చాలు.

క్యాబిన్‌లో బటన్ నొక్కితే గాలి వచ్చే 12 వోల్టుల కంప్రెసరు కూడా అమర్చగలం. రోజూ లోడు మారేవారికి తప్ప అది దండగ. మన సముద్రపు గాలికి ట్యాంకులో నీరు చేరుతుంది, వారానికోసారి తీయకపోతే వాల్వులు తుప్పు పడతాయి.

జీడిపిక్కలు గానీ ఇంకేదైనా గానీ రోజూ ఒకే బరువు తోలేవారైతే, బ్యాగులు వద్దు, కమానులో ఒక పట్టీ కలుపుకోండి. ఖర్చు చాలా తక్కువ. బ్యాగు గొప్పదనమంతా లోడు మారినప్పుడే. ఇంకో మాట: బ్యాగులు వేస్తే ఆర్‌సీలో రాసిన బరువు పెరగదు. ఇరుసు, చక్రాలు, బేరింగులు, బ్రేకులు పాతవే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం ఓవర్‌లోడుకి 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకి 2,000. ఎక్కువ బరువు వేయడానికే బ్యాగులు కావాలంటే మాత్రం మా దగ్గరకి రావద్దు.

రేటు: రెండు వాల్వులు, వేడి రేకు, రాత్రి టెస్టు అన్నీ కలిపి 24,000 రూపాయలు. బుష్షులు, యూ బోల్టులు మార్చాల్సొస్తే వేరు, ముందే చూపించి చెబుతాం. పాత ఫిటింగు మార్చడానికి పూట పడుతుంది. బండి ఖాళీగా, కింద కడిగించి తీసుకురండి. సైలెన్సరు చల్లారాకే చేయి పెట్టగలం కనుక పొద్దున్నే వస్తే మంచిది. మీ మామూలు లోడు ఎన్ని కిలోలో వేబ్రిడ్జి చీటీ ఉంటే అది కూడా తెండి, దాన్నిబట్టి గాలి ఎంతో వాల్వు పక్కనే పెయింటుతో రాసి ఇస్తాం.