ఏ గేజీ? ఎన్ని గంటలకు? పెరుగుతోందా, తగ్గుతోందా?

సంపాదకులకు నమస్కారం.

వరద రోజుల్లో గోదావరి లంక (నది మధ్య దీవి) గ్రామాల ఫోన్లన్నీ అంకెలతో నిండిపోతాయి. "ధవళేశ్వరం 13 లక్షలు", "భద్రాచలం 48 అడుగులు", "ఇంకా వదులుతున్నారట". ఆ అంకె పొద్దున్నదో రాత్రిదో ఉండదు. నీరు ఎక్కుతున్నప్పటిదో దిగుతున్నప్పటిదో తెలియదు. ఉదయం ఆరింటి అంకెను మధ్యాహ్నం మూడింటికి చూసి, ఇంకా టైముందిలే అని పశువులను లంకలోనే ఉంచినవారికి సాయంత్రానికి కాజ్‌వే మీద నడుంలోతు నీరు ఎదురవుతుంది. కావలసిన సమాచారం ఇవాళ ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతోంది. దాన్ని చదవడంలో, పంచడంలో జరిగే పొరపాట్లే ప్రాణాల మీదికి తెస్తున్నాయి. వచ్చే వరదకు ముందే ఈ వివరాలు పాఠకులకు చేరాలని రాస్తున్నాం.

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మూడు హెచ్చరికలు డెల్టాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 11.75 అడుగులకు మొదటిది, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ప్రవాహం లెక్కలో అవి సుమారుగా 10, 13, 17 లక్షల క్యూసెక్కులు (సెకనుకు ఘనపుటడుగులు). తికమకంతా కేంద్ర జల సంఘం వరద సూచనల వెబ్‌సైటు (ఎఫ్‌ఎఫ్‌ఎస్ డాట్ ఇండియా-వాటర్ డాట్ జీవోవీ డాట్ ఇన్) గానీ, వారి 'ఫ్లడ్‌వాచ్ ఇండియా' యాప్ గానీ తెరిచినప్పుడు మొదలవుతుంది. అక్కడ ధవళేశ్వరం హెచ్చరిక మట్టం 14.25 అని, ప్రమాద మట్టం 16.08 అని ఉంటుంది. అవి మీటర్లు. అడుగులనుకుంటే రెండో హెచ్చరిక దాటిపోయిందన్న హడావుడి, అడుగుల్లోకి మార్చి చూస్తే 46 అడుగులా అన్న గుండెదడ.

జల సంఘం సముద్ర మట్టం నుంచి కొలుస్తుంది. మనకు అలవాటైన అడుగుల గేజీలో (నీటి మట్టం కొలిచే స్కేలులో) సున్నా, ఆ లెక్క ప్రకారం 35 అడుగుల ఎత్తున ఉంటుంది. కాబట్టి మీటర్లను 3.28తో గుణించి అందులోంచి 35 తీసేయండి. 14.25ను గుణిస్తే 46.74, 35 తీసేస్తే 11.74, అంటే మన మొదటి హెచ్చరిక. 16.08 ఇలాగే మూడో హెచ్చరిక దగ్గర తేలుతుంది. రెండోది 14.86 మీటర్ల దగ్గర వస్తుంది. ఈ 35 అన్నది ధవళేశ్వరానికే. మరో గేజీకి వాడకూడదు. ప్రవాహం క్యూమెక్కుల్లో (సెకనుకు ఘనపు మీటర్లలో) కనబడితే 35.3తో గుణిస్తే క్యూసెక్కులు వస్తాయి. 28,300 క్యూమెక్కులంటే 10 లక్షల క్యూసెక్కులు.

ధవళేశ్వరం అంకె ఒక్కటే చూస్తే మనకు మిగిలేది కొన్ని గంటల వ్యవధే. ఆ ఆనకట్ట వరదను దాచుకునే జలాశయం కాదు, 175 గేట్లు ఎత్తి వచ్చిన నీటిని వచ్చినట్టే పంపుతుంది. ముందుచూపు కావాలంటే పైకి చూడాలి. భద్రాచలం దగ్గర హెచ్చరికలు 43, 48, 53 అడుగులు. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. 2022లో ఆ నీరు ధవళేశ్వరం చేరేసరికి 25 లక్షల క్యూసెక్కులు దాటింది. భద్రాచలం నీరు ధవళేశ్వరం రావడానికి రమారమి ఒక రోజు పడుతుంది. ఆ ఒక్క రోజే లంకవాసుల చేతిలో ఉన్న సమయం.

ఇక్కడ చాలామంది పట్టించుకోనిది శబరి. ఆ నది భద్రాచలానికి దిగువన, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. భద్రాచలం దాటే ప్రవాహంలో శబరి నీరు కలిసి ఉండదు. భద్రాచలం తగ్గుముఖం పట్టిందని ఊపిరి పీల్చుకున్నాక ధవళేశ్వరం పెరగడం మొదలుపెడితే, కారణం చాలాసార్లు శబరే. అందుకే యాప్‌లో శబరి మీద ఉన్న కుంట, ఆ తర్వాత కూనవరం, పోలవరం, ధవళేశ్వరం ఈ వరసలో చూడాలి. ఇంకా ముందు కబురు కావాలనుకుంటే ప్రాణహిత నీటికి కాళేశ్వరం, ఇంద్రావతి కూడా కలిశాక పేరూరు. ఒక్కో గేజీ దగ్గర మూడు గంటల కిందటి అంకె, ఇప్పటి అంకె రెండూ రాసుకోండి. తేడా పెరుగుతోందో తగ్గుతోందో తెలిస్తే సగం పని అయినట్టే.

మిగతా సగం ఏ యాప్‌లోనూ దొరకదు. ధవళేశ్వరంలో 12 అడుగులుంటే మా రేవులో ఎంత? కనకాయలంక కాజ్‌వే, ఎదురుబిడియం కాజ్‌వే ఎప్పుడు మునుగుతాయి? మొదటి హెచ్చరిక రాకముందే దారి మునిగే లంకలు కోనసీమలో ఉన్నాయి. అక్కడివారికి 11.75 అన్న అంకె ఆలస్యంగా వచ్చిన కబురు. ప్రతి సచివాలయం తన పరిధిలోని కాజ్‌వే పక్కన ఒక స్తంభానికి అర అడుగుకొక గీత చొప్పున పెయింటుతో గీయించి, వరద రోజుల్లో మూడు గంటలకోసారి ఆ గీతనూ, అదే సమయానికి ధవళేశ్వరం అంకెనూ పక్కపక్కన రాయిస్తే, రెండు మూడు వరదలకే ఊరికి సొంత పట్టిక తయారవుతుంది. పెరిగేటప్పటి పట్టిక, తగ్గేటప్పటి పట్టిక వేరువేరుగా ఉండాలి. ఆనకట్ట దగ్గర తగ్గిన కొన్ని గంటల దాకా కింద లంకల్లో నీరు తగ్గదు. ఇసుక మేటలు, కోతలు ఏటా మారుతుంటాయి కాబట్టి నిరుటి పట్టికను ఈ ఏడు మళ్లీ సరిచూసుకోవాలి.

పట్టికలో ఇంకో గడి కూడా ఉండాలి, సముద్రం పోటు కోసం. అంతర్వేది, ఓడలరేవు, యానాం వైపు పాయల్లో పోటు సమయంలో వరద నీరు సముద్రంలోకి సాఫీగా దిగదు. పౌర్ణమి, అమావాస్యలప్పుడు పోటు మరీ ఎక్కువ. పొలాల మురుగు కాలువల అవుట్‌ఫాల్ స్లూయిజులు (నీరు బయటికి వదిలే తూములు) తెరవలేని స్థితి కూడా అప్పుడే వస్తుంది, చేలో నిలిచిన వాన నీరు కదలదు. పోటు పాట్ల వేళలు, అలల ఎత్తు, తుపాను ఉప్పెన అంచనాలు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార) సంస్థ వెబ్‌సైటులో ఉంటాయి. వేటకు వెళ్లేవారికి వారి 'సముద్ర' యాప్ ఉంది. సముద్రంలో ఆపద వస్తే తీర రక్షక దళం నంబరు 1554.

తుపాను సంగతికి వస్తే, 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చిపెట్టిన తుపానునాటికి ఇవేవీ మన చేతిలో లేవు. ఇప్పుడు భారత వాతావరణ శాఖ బులెటిన్ నేరుగా ఫోన్‌లోకి వస్తుంది. దాన్ని తప్పుగా చదివే చోట్లు కొన్ని ఉన్నాయి. బులెటిన్‌లో '0300 యూటీసీ' (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) అని ఉంటే తెల్లవారుజామున మూడని కాదు. అయిదున్నర గంటలు కలిపితే మన ఉదయం ఎనిమిదిన్నర. గాలి వేగం నాట్లలో ఉంటే ఒక నాటు అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. గంటకు 62 కిలోమీటర్ల నుంచి తుపాను, 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను. అమెరికా నౌకాదళ కేంద్రం ఇచ్చే అంకె మన శాఖ అంకె కంటే ఎక్కువగా కనబడితే ఎవరో నిజం దాస్తున్నారని అనుమానపడనక్కర్లేదు. వాళ్లు ఒక నిమిషం సగటు తీస్తారు, మనవాళ్లు మూడు నిమిషాల సగటు తీస్తారు. పటంలో గీత ఎక్కడ తీరాన్ని తాకితే అక్కడే తుపాను అనుకోవడం మరో పొరపాటు. గీత చుట్టూ గీసిన వెడల్పాటి పట్టీ అంతా తుపాను కేంద్రం వెళ్లే అవకాశమున్న చోటే, గాలీ వానా ఆ పట్టీకి బయట కూడా ఉంటాయి. పది రోజుల ముందే 'కాకినాడకు మహా తుపాను' అంటూ రంగురంగుల పటం పంపేవారి మాట నమ్మి కాయకు రాని కొబ్బరిని దింపించుకోకండి. శాఖ తుపాను హెచ్చరిక తీరంలో వాతావరణం చెడటం మొదలవడానికి కనీసం 24 గంటల ముందు, దానికి ముందటి అప్రమత్తత సూచన కనీసం 48 గంటల ముందు వస్తాయి. దింపు కార్మికులను పిలవడానికి, పడవలు గట్టెక్కించడానికి, పండిన చేను కోయాలా ఆగాలా అని తేల్చుకోవడానికి ఆ 48 గంటల సూచనే ఆధారం.

వానకూ ఇలాంటి లెక్కే ఉంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం. పొలంలో పనిచేసేవారి ఫోన్‌లో 'దామిని' యాప్ ఉండాలి. 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుతుంటే చెబుతుంది.

ఫోన్ సిద్ధంగా ఉండటం కూడా ముఖ్యమే. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ వారి 'సచేత్' యాప్ పెట్టుకుని, భాష తెలుగుకు మార్చి, మీ జిల్లాను ఎంచుకోండి. ఫోన్ సెట్టింగుల్లో 'వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్' అన్న మీట ఆన్‌లో ఉందో లేదో చూడండి. శబ్దం చిరాకు పెడుతోందని చాలామంది ఆపేసి మరిచిపోతారు. గాలి మొదలై కరెంటు పోయాక సెల్ టవర్లు తమ బ్యాటరీ, డీజిలు ఉన్నంతసేపే పనిచేస్తాయి. ఆ తర్వాత యాప్‌లన్నీ మూగవే. కాబట్టి చివరి బులెటిన్, ఊరి పట్టిక, పునరావాస కేంద్రానికి దారి, అత్యవసర సహాయానికి 112, 1070, 18004250101 నంబర్లు ముందే ఫొటోలుగా దాచుకుని, ఒక కాగితం మీద కూడా రాసి గోడకు అంటించాలి. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ను రెండుసార్లు నింపుతుందనుకోకండి. మార్పిడిలో మూడో వంతు పైగా పోతుంది, ఒకసారి నిండి కాస్త మిగులుతుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు కాల్ కలవకపోయినా ఎస్సెమ్మెస్ వెళ్తుంది. సిగ్నల్ అసలే లేనప్పుడు ఫోన్ దాన్ని వెతుక్కుంటూ ఛార్జింగ్ తినేస్తుంది కనుక ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి గంటకోసారి తీసి చూడాలి. చిన్న బ్యాటరీ రేడియో ఒకటి ఇంట్లో ఉంచుకోవడం ఇప్పటికీ అవసరమే.

నీరు తీశాక చేయాల్సిన పనుల్లో మొదటిది ఫొటోలు. ఇల్లు కడగకముందే, చేను దున్నకముందే తేదీ, లొకేషన్ పడేలా తీయాలి. పంట నష్టం 33 శాతం, ఆపైన ఉంటేనే విపత్తు సహాయ నిధి కింద పెట్టుబడి రాయితీకి లెక్కలోకి వస్తుంది. ఈ-పంటలో (ప్రభుత్వ పంట నమోదులో) పేరు నమోదు కాని కౌలు రైతు ఇక్కడే దెబ్బతింటాడు. వరద రాకముందే రైతు సేవా కేంద్రంలో చూసుకోవలసిన సంగతి ఇది. ఫసల్ బీమా నిబంధనల ప్రకారం, కోసి పనల మీద ఆరుతున్న పంట 14 రోజుల్లోపు తుపానుకో అకాల వర్షానికో దెబ్బతింటే 72 గంటల్లో తెలియజేయాలి. సహాయ నంబరు 14447. ఆధార్, రేషన్ కార్డు వంటివి డిజీలాకర్‌లో ఉంటే తడిసిన కాగితాల కోసం తిరగనక్కర్లేదు.

బావి నీటి విషయంలో 'గుప్పెడు బ్లీచింగ్ వేయండి' అన్న సందేశం ప్రతి వరద తర్వాతా తిరుగుతుంది. గుప్పెడు అన్నది కొలత కాదు. ముందు మురికి నీరు తోడేయాలి, బురద ఉంటే క్లోరిన్ దానికే ఖర్చయిపోతుంది. కొత్తగా ఊరిన నీటిలో వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల తాజా బ్లీచింగ్ పొడి చాలు. మీటరు వెడల్పున్న బావిలో మూడు మీటర్ల నీరుంటే సుమారు 2,350 లీటర్లు, అంటే 6 గ్రాములు. బకెట్లో ముద్దగా కలిపి నీరు పోసి, పది నిమిషాలు తేరనిచ్చి, పైన తేరిన నీటిని మాత్రమే బావిలో పోయాలి. అడుగున మిగిలిన సున్నం పోయకూడదు. గంట ఆగి వాడుకోవచ్చు. నిరుడు తెరిచి చెమ్మ తగిలిన ప్యాకెట్‌లో బలం ఉండదు.

సంపాదకులకు మా విన్నపం ఒక్కటే. వరద రోజుల్లో మీ జిల్లా పేజీలోనూ, మీ వెబ్‌సైటులోనూ ఒకే చోట, ఒకే కొలతలో, ఒక చిన్న గడి వేయండి. కుంట, కూనవరం, భద్రాచలం, ధవళేశ్వరం; ఒక్కో దాని పక్కన మట్టం, ఆ మట్టం తీసుకున్న గంట, మూడు గంటల కిందటి మట్టం; అడుగున ఆ రోజు అంతర్వేది, ఓడలరేవు పోటు వేళలు. "గోదావరి ఉగ్రరూపం" అన్న శీర్షిక ఎంత పెద్దదైనా, లంకలో ఉన్న మనిషి ముందుగా వెతుక్కునేది ఈ గడినే. పాఠకులకు కూడా అదే విన్నపం: గంట లేని వరద అంకె మీ గ్రూపులోకి వస్తే దాన్ని ముందుకు పంపకండి, పంపినవారిని "ఎన్ని గంటలకు?" అని అడగండి.

ఇట్లు
కొందరు పాఠకులు,
పి.గన్నవరం, అయినవిల్లి మండలాలు, కోనసీమ